బండి నిండిపోయిందండీ!

వరహాలమ్మ గుమ్మం తొక్కి కాఫీ తాగకుండా వెనక్కి వెళ్ళిన మనిషి పలివెలలో లేడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికీ కాఫీయే, వీధి పేరు తప్పు చెప్పుకుని వచ్చినవాడికీ కాఫీయే. "ఇప్పుడే తాగొచ్చేనండి" అంటే, "ఆయ్, అయితే సగం గ్లాసే ఇస్తానండి" అని నిండా పోసి తెచ్చేది. ఆవిడ పుట్టిల్లు కె.గంగవరం. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఒక్కటే చెప్పింది: మన గుమ్మంలో ఎవరూ పొమ్మనిపించుకోకూడదు. అత్తగారు పోయినా ఆ మాట పోలేదు.

ఆవిడ భర్త త్రిమూర్తులు బస్సు కండక్టరు. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్ళే సర్వీసులో ఆయన "జొన్నాడ! జొన్నాడ!" అని కేకేస్తే, జొన్నాడతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా నిద్రలోంచి లేచి సంచులు సర్దుకునేవారు. టిక్కెట్టు లేని మనిషి బస్సులో ఉండకూడదు, బస్సు టైము తప్పకూడదు. ఈ రెండూ తప్ప ఆయనకు జీవితంలో వేరే పట్టింపులు లేవు.

రిటైరైన మరుసటేడు, 2003లో, ఆయనకు పెద్దపేగులో కాన్సరు బయటపడింది. రాజమండ్రిలో ఆపరేషను చేసి, నొప్పికి గట్టి మాత్రలిచ్చి, కార్తీకమాసంలో ఇంటికి పంపారు.

వరహాలమ్మ ఆయన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. మంచు గాలి తగలకుండా, ఎవరి దిష్టీ పడకుండా లోపలి గదిలో మంచం వేయించి కిటికీ బిగించేసింది. మంచం మీదున్న మనిషికి ఎందుకని కళ్ళజోడూ, వాచీ బీరువాలో దాచేసింది. ఒంటికి లేచినప్పుడల్లా కుట్లు లాగుతున్నాయంటే, పాపం అని మంచినీళ్ళు కూడా గుక్కలు గుక్కలుగానే ఇచ్చింది. ఇక చూడ్డానికి వచ్చేవాళ్ళంటారా, వస్తూనే ఉన్నారు. ఒక కాఫీ గిన్నె దిగితే ఇంకోటి పొయ్యెక్కేది.

నాలుగోనాటి సాయంత్రం త్రిమూర్తులు భార్యను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఫుట్‌బోర్డు మీద నిలబడకు, పడతావు" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. వరహాలమ్మ కూడా నవ్వింది. రాత్రంతా ఆయన దుప్పటి పీకుతూ, గోడ మీద లేని చీమల్ని దులుపుతూ కూర్చున్నారు. అప్పుడెవరూ నవ్వలేదు. తెల్లారేసరికి మళ్ళీ మామూలే. హమ్మయ్య అనుకుంది. పొద్దు వాలేసరికి మళ్ళీ బస్సెక్కేశారు.

సరిగ్గా ఆ వేళకే వియ్యపురాలు సుబ్బమ్మగారు జొన్నాడ నుంచి దిగింది. వరహాలమ్మ కూతురు మాధురికి అత్తగారు. పట్టుచీర, చేతిలో బత్తాయిల సంచీ. మంచం దగ్గరికొచ్చి "అన్నయ్యగారూ, ఎలాగున్నారండీ?" అంది.

త్రిమూర్తులు చెయ్యి చాపారు. "టిక్కెట్టు."

"ఏంటండీ?"

"జొన్నాడలో ఎక్కేరు కదా? టిక్కెట్టేదమ్మా? పట్టుచీర కట్టుకుని ఇదేం పనండీ!"

అంతమంది ముందు! సుబ్బమ్మగారి మొహం కుంకంలా అయిపోయింది. బత్తాయిలు అక్కడే పెట్టి, కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో కాఫీ మిగిలిపోవడం అదే మొదలు.

"గాలి సోకిందమ్మా, తాయెత్తు కట్టించు" అన్నారొకరు. "మతి పోయింది, ఇంక రాదు" అన్నారింకొకరు. కుట్ల మీద కట్టు పీకేసుకుంటున్నారని, పక్కింటి బంగారరాజుగారు మెత్తటి తువ్వాలు తెచ్చి, "చేతులు కట్టెయ్యమ్మా, ఆయన మంచికే" అన్నారు.

తువ్వాలు అందుకుంది వరహాలమ్మ. ముప్పయ్యేళ్ళు బస్సంతా ఆ చేతుల వైపే చూసేది. ఇప్పుడు వాటిని కట్టాలి. రేపు ఊళ్ళో ఈయన పేరు కండక్టరు త్రిమూర్తులు కాదు, పిచ్చి త్రిమూర్తులు.

అప్పుడే ఆయన నీరసంగా చెయ్యెత్తారు. "రైట్... రైట్... ఇంక ఎక్కించకండి. బండి నిండిపోయింది. నాకు ఊపిరాడట్లేదు."

వరహాలమ్మ తలెత్తి చూసింది. మంచం పట్టె మీద ఇద్దరు, ట్రంకుపెట్టె మీద ఒకరు, చాప నిండా జనం, గుమ్మంలో ఒకరి భుజం మీంచి ఒకరు. కిటికీ మూత. దీపం మసక. నిజమే, పండగ రోజు ఆఖరి బస్సులా ఉంది గది. ఈయన పిచ్చి మాట్లాడ్డం లేదు, ఉన్న మాటే చెబుతున్నారు.

తువ్వాలు బంగారరాజుగారి చేతిలోనే పెట్టేసి, కారు పిలిపించింది.

రాజమండ్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. ఒంట్లో నీరు తగ్గింది. మూత్రంలో ఇన్‌ఫెక్షను. నొప్పి మాత్రల వల్ల విరేచనం బిగుసుకుపోయింది, ఆ మాత్రల మోతాదు కూడా కాస్త ఎక్కువే.

"ఇది పిచ్చి కాదమ్మా, గాలీ కాదు. ఒళ్ళు ఇంత దెబ్బ తిన్నప్పుడు మెదడు కొన్నాళ్ళు తికమకపడుతుంది. పొద్దున్న బాగుండి సాయంత్రం మారిపోవడం దీని లక్షణమే. చాలావరకు నయమవుతుంది. కానీ మనిషి ఇలా హఠాత్తుగా మారితే ఆ రోజే తీసుకురావాలి. కళ్ళజోడు పెట్టుకుంటారా?"

"ఆయ్, పెట్టుకుంటారండి."

"ఏదీ?"

"బీరువాలో ఉందండి."

"వాచీ?"

"అదీ బీరువాలోనేనండి."

"గదిలో కిటికీ ఉందా?"

వరహాలమ్మ తల దించుకుంది. "కిటికీ ఒక్కటే బీరువాలో పెట్టలేదండి. మూసేసేను."

డాక్టరమ్మ నవ్వాపుకుని చెప్పింది. కళ్ళజోడు పెట్టాలి. పగలు వెలుతురులో కూర్చోబెట్టాలి, రాత్రి నిద్రపోనివ్వాలి. మంచినీళ్ళు తాగించాలి. ఇది మనిల్లు, ఇవాళ ఫలానా వారం అని చెబుతుండాలి. తప్పు మాట్లాడితే వాదించకూడదు. చేతులు కట్టకూడదు. దగ్గర ఒకరిద్దరు తెలిసినవాళ్ళే ఉండాలి. "ఇంటికి జనం వస్తారా?"

"ఏదో కొంచెం వస్తారండి."

"కొంచెం కాదండి డాక్టరుగారూ, పెళ్ళికొచ్చినట్టొస్తారు" అంది వెనకనుంచి, తోడుగా వచ్చిన మాధురి.

"వాళ్ళని ఆపాలమ్మా."

మిగతావన్నీ వరహాలమ్మకు మందు చీటీలా వినిపించాయి. ఈ ఒక్కటీ శిక్షలా వినిపించింది.

సెలైన్లు, మందులు ఎక్కించి నాలుగు రోజులకు ఇంటికి పంపారు. ఈసారి మంచం రోడ్డు వైపు గదిలో, తెరిచిన కిటికీ పక్కన వేశారు. కళ్ళజోడు ముక్కు మీదికి, వాచీ చేతికి వచ్చాయి. మాటల తికమక మాత్రం సాయంత్రాలు ఇంకా ఉంది. వరహాలమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుంది.

మొదట వచ్చినవారు బంగారరాజుగారు. ఆవిడ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి భర్త మాటే అరువు తెచ్చుకుంది. "బండి నిండిపోయిందండీ!"

ఆయన తెల్లబోయారు. పోనీ అని గుమ్మంలోనే కాఫీ ఇచ్చింది. అదే పొరపాటైంది. లోపలికి వెళ్ళకపోయినా కాఫీ ఉందని తెలిసి సాయంత్రానికి అరుగు నిండిపోయింది. కబుర్లన్నీ కిటికీలోంచి నేరుగా త్రిమూర్తులు చెవిలో పడ్డాయి. మర్నాటి నుంచి కాఫీ కూడా బంద్. వరహాలమ్మగారింట్లో కాఫీ ఆగిపోయిందన్న కబురు కొత్తపేట దాకా పాకింది. డబ్బు పొగరన్నారు, మొగుణ్ణి దాచేసిందన్నారు. ఆవిడ అన్నీ వింది. కుర్చీ తియ్యలేదు.

ఓ గురువారం పొద్దున్న సుబ్బమ్మగారు మళ్ళీ వచ్చింది. వరహాలమ్మ కంగారుగా కుర్చీలోంచి లేచింది. కూతురి కాపురం ఈవిడ చేతిలోనే ఉంది మరి.

"నన్ను కూడా ఆపేస్తారేంటండీ వదినగారూ?"

"రాత్రి ఆయనకి సరిగ్గా నిద్ర లేదండి. ఇప్పుడే కాస్త స్థిమితపడ్డారు. ఇంకో పది రోజులు పోయాక రండి వదినగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"టిక్కెట్టు లేదని మొన్నన్నారు, ఖాళీ లేదని ఇవాళ అంటున్నారు. బాగుందండీ మీ మర్యాద!"

సుబ్బమ్మగారు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారి మాట తప్పింది, వియ్యం చెడింది, ఇంత చేసినా ఈయన తిరిగొస్తారో రారో.

"వరహాలూ!"

కిటికీలోంచి. పేరు పెట్టి!

"ఎనిమిదిన్నర బండి ఇంకా వెళ్ళలేదేంటే? పావుగంట లేటు. ఈ డ్రైవరెవరో గానీ రావులపాలెంలో టీ తాగుతున్నట్టున్నాడు."

ఆవిడ పరుగెత్తుకెళ్ళింది. కళ్ళజోడు సర్దుకుని, వాచీ వంకా రోడ్డు వంకా మార్చి మార్చి చూస్తున్నారాయన.

"ఇవాళ ఏ వారమండీ?"

"గురువారం. నీకేమైందే, ఏడుస్తున్నావు?"

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. త్రిమూర్తులు మరో ఏడాదిన్నర బతికారు. మధ్యలో ఒకసారి మళ్ళీ మాట తేడా వస్తే, వరహాలమ్మ ఆ పూటే కారెక్కించింది. రెండు రోజుల్లో సర్దుకుంది. పోయేటప్పుడు కూడా ఆవిణ్ణి పేరు పెట్టే పిలిచారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరింట పెద్ద జబ్బు మనిషి దిగినా, ముందు కళ్ళజోడు ఎక్కడుందో వెతికేవారు, తర్వాత వరహాలమ్మకు కబురు పంపేవారు. బంగారరాజుగారు ఆస్పత్రి నుంచి వస్తూ వస్తూనే, "ఆవిణ్ణి మా గుమ్మంలో కూర్చోబెట్టండి, అప్పుడే నేను లోపలికొస్తాను" అన్నారట.

ఆ మొదటి పుష్యమాసంలోనే సుబ్బమ్మగారు కాజాల పెట్టె పట్టుకుని మూడోసారి వచ్చింది. ఈసారి గుమ్మంలో కుర్చీ లేదు. తికమకలో ఆయన అన్న మాటలేవీ ఆయనకు చెప్పకూడదని వరహాలమ్మ అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. అయినా సుబ్బమ్మగారి మనసులో ముల్లు అలాగే ఉంది. కూర్చోగానే చేతిసంచీలోంచి నలిగిన బస్సు టిక్కెట్టొకటి తీసింది. ఆయన టిక్కెట్టడిగిన నాటిదే, భద్రంగా దాచుకుంది.

"అన్నయ్యగారూ, ఇది ఒక్కసారి చూడండి. నేను ఎప్పుడూ టిక్కెట్టు తీసుకునే బస్సెక్కుతానండి."

ఎందుకు చూపిస్తోందో ఆయనకు తెలియదు. టిక్కెట్టు కనబడితే చూడకుండా ఉండనూ లేరు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఎక్కడిదాకానో చెప్పే చిల్లు పడిన చోటు వెలుతురుకు పట్టి చూశారు.

"బస్సు మారకుండా ఇక్కడిదాకా వచ్చేరా చెల్లెమ్మగారూ?"

"ఆయ్. నేరుగానే వచ్చేనండి."

"ఇది రావులపాలెం వరకేనండి."

సుబ్బమ్మగారు టిక్కెట్టు వంక చూసి, ఆయన వంక చూసి, చివరికి కాజాల పెట్టె వంక చూసింది. వరహాలమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయి, కాఫీ గిన్నె పొయ్యెక్కించింది. మా ఆయన బుర్ర! మంచాన పడి ఉన్నప్పుడు కూడా తప్పు లెక్క చెప్పలేదు, అనుకుంది.

ముందు గదిలోంచి ఆయన గొంతు వినబడింది, అచ్చం డ్యూటీలో ఉన్నట్టే. "చుట్టాలు కదాని ఈసారికి వదిలేస్తున్నానండి. ఇంకెప్పుడూ ఇలాగ చెయ్యకండి."