గ్యాస్ కుంపట్ల నోరీన్

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో మా వీధివాళ్ళు నోరీన్ సగ్డెన్‌ని గ్యాస్ కుంపట్ల నోరీన్ అంటారు. ముప్పై తొమ్మిదో ఏడు దాకా ఆవిడ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించేది. ఆ వంటగదిలో ఒక పొయ్యి మాటిమాటికీ ఆరిపోతుంటే, బాగుచేయడానికి వచ్చిన మనిషి పక్కనే నిలబడి అన్నీ అడిగి తెలుసుకునేది. అతను మూడోసారి వచ్చేసరికి తప్పెక్కడుందో తనే చెప్పేసింది. ఈ పనేదో మీరే నేర్చుకోకూడదా అని అతను నవ్వుతూ అన్నాడట. నోరీన్ ఆ మాట పట్టుకుని సాయంత్రం క్లాసులకు వెళ్ళి, పరీక్షలు రాసి, గ్యాస్ పనికి గుర్తింపు కార్డు తెచ్చుకుని, చలికాలంలో గదులు వెచ్చబెట్టే గ్యాస్ కుంపట్లు బాగుచేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆవిడకు యాభై ఎనిమిది. పని మొత్తం మోకాళ్ళ మీదే కాబట్టి, లేచేటప్పుడు కుర్చీ పట్టుకుంటుంది.

ఎవరింటికి వెళ్ళినా, ఎంత తెలిసినవాళ్ళయినా, ముందు ఆ కార్డు చూపిస్తుంది. తర్వాత పాత దుప్పటి పరిచి, కుంపటి పూర్తిగా చల్లారిందో లేదో చూసుకుని అప్పుడు కూర్చుంటుంది. పని చేస్తున్నంతసేపూ ఇంటివాళ్ళు చెప్పే కబుర్లన్నీ వింటుంది. చేయి ఆగదు, చెవీ మూసుకోదు.

మొన్న అక్టోబరులో నాలుగిళ్ళ అవతల ఉండే విల్‌ఫ్రెడ్ క్రాబ్‌ట్రీ ఆవిడకు ఫోన్ చేశాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. ఏడాదికోసారి కుంపటి చూపించుకోవాలని ఆయనకు తెలియక కాదు. బాగా వెలుగుతున్నదాన్ని కెలకడం దేనికని రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాడు. ఇప్పుడు కుంపటి పైన గోడకు మసి పట్టింది, తుడిచినా పోవడం లేదు, కాస్త శుభ్రం చేసి వెళ్ళమన్నాడు.

నోరీన్ వెళ్ళేసరికి ఆయన ధ్యాస మసి మీద లేదు. పక్కింటి లోర్నా ఓగ్డెన్ మీద ఉంది. లోర్నా బేకరీలో పనిచేస్తుంది, ఊరి బ్యాండులో పెద్ద ఇత్తడి బాకా లాంటి ట్రాంబోన్ వాయిస్తుంది. రోజూ సాయంత్రం ఆరింటికి సాధన. ఆ మోతకు తన తల పగిలిపోతోందని, వాంతి వచ్చినట్టు కూడా ఉంటోందని ఆయన ఏకరువు పెట్టాడు. చెప్పుతో గోడ బాదాడట. తలుపు కింద నుంచి రెండు ఉత్తరాలు కూడా తోశాడట.

నోరీన్ వింటూనే కుంపటి వెలిగించి మంట చూసింది. నీలంగా ఉండాల్సిన చోట పసుపుపచ్చగా ఉంది. నిజం బొగ్గుల్లా కనపడాలని పైన పేర్చే మట్టి బొగ్గులు ఎలా పడితే అలా గుట్టగా ఉన్నాయి. చిన్నప్పుడు వాళ్ళమ్మ బొగ్గు కుంపటి అలాగే ఉండేదని ఆయనే ముచ్చటపడి మార్చాడట. ఆవిడ పొగపుల్ల ఒకటి వెలిగించి కుంపటి అంచు దగ్గర పట్టుకుంది. ఆ పొగ కుంపటి వెనకున్న పొగగొట్టంలోకి పోవాలి. పోలేదు. నెమ్మదిగా ఆవిడ మొహం మీదికే వచ్చింది.

వెంటనే గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఆయన్ని ముందు గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"ఈ తలనొప్పి ఎప్పటినుంచండీ, క్రాబ్‌ట్రీ గారూ?"

"మూడు వారాలైంది."

"లోర్నా ఈ ఇంట్లోకి ఎప్పుడు వచ్చింది?"

"మార్చిలో."

"మరి వేసవంతా వాయించలేదా?"

"వాయించకేం. కిటికీలు బార్లా తెరిచి మరీ వాయించేది."

"అప్పుడు తల నొప్పెట్టిందా?"

"లేదు. చిరాకేసేది, అంతే."

"ఈ ఏడు కుంపటి ఎప్పుడు మొదలుపెట్టారు?"

"సెప్టెంబరు ఆఖర్లో. రోజూ ఆరింటికి..." అని ఆగిపోయాడు. "అమ్మాయ్, నువ్వనేది..."

"మీ తలనొప్పి ఆ గోడవతల లేదండీ. ఈ గదిలోనే ఉంది."

పొగగొట్టం మూసుకుపోయి విషవాయువు గదిలోకే వస్తోందని, దానికి రంగూ వాసనా ఉండవని విడమరిచి చెప్పింది. గ్యాస్ గొట్టం విడదీసి, వాడకూడదని కాగితం కట్టింది. చలికి చచ్చిపోతానని ఆయన గొడవపడితే వ్యానులోంచి కరెంటు హీటరు తెచ్చిచ్చి, అదే వ్యానులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తపరీక్ష చేసి, సమయానికే వచ్చారని డాక్టరు అన్నాడు.

మర్నాడు పొగగొట్టాలు దులిపే డెన్‌జిల్ వచ్చాడు. వసంతంలో చిన్నకాకులు గొట్టంలో కట్టి వదిలేసిన గూడు మొత్తం దించాడు. మూడు గోనెసంచుల పుల్లలు. ఆ వెనకే నోరీన్ కూర్చుని, మంట వచ్చే చోట పేరుకున్న దుమ్మూ, ఆయన పెంపుడు కుక్క వెంట్రుకలూ మెత్తటి బ్రష్‌తో దులిపింది. తర్వాత కంపెనీవాళ్ళ పుస్తకం ముందు పెట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే ఒక్కో బొగ్గూ పేర్చింది. వాళ్ళమ్మ కుంపటిలా లేదని ఆయన గొణిగాడు. అది విని కూడా ఆవిడ ఒక్క బొగ్గు కదపలేదు. ఈసారి పొగపుల్ల పొగ సర్రున గొట్టంలోకి పోయింది. ఆ విషవాయువును పసిగట్టే అలారం గోడకు బిగించి, అది మోగితే గ్యాస్ కట్టేసి బయటికి పరుగెత్తాలని ఆయన చేత రెండుసార్లు చెప్పించింది.

ఆ సాయంత్రమే విల్‌ఫ్రెడ్ మాంసం కూరి కాల్చిన రొట్టె ఒకటి పట్టుకుని లోర్నా గుమ్మంలో నిలబడ్డాడు. తనది పొరపాటని, ఆ ఉత్తరాలు చించేయమని అడిగాడు.

"ఎందుకండీ చించడం? బ్యాండులో అందరికీ చదివి వినిపించాను," అంది లోర్నా. "గాడిద ఓండ్రలా ఉందని మీరు రాసిన చోట పడీపడీ నవ్వారు."

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. తర్వాత తనూ నవ్వాడు. ఆ రొట్టె ఇద్దరూ వంటగదిలోనే కూర్చుని తినేశారట. తలనొప్పి పూర్తిగా పోయింది కానీ ట్రాంబోన్ మాత్రం ఇప్పటికీ బాగాలేదని నోరీన్‌తో రహస్యంగా చెప్పాడు. రహస్యం కాబట్టి అది మా వీధంతటికీ తెలుసు.

పాత డ్రైవరు కదా, విల్‌ఫ్రెడ్ తలుపు తలుపూ తట్టి, కుంపట్లు చూపించుకోమని అందరినీ పోగేశాడు. ఆ వారం నోరీన్ ఏడిళ్ళ కుంపట్లు చూసింది. వాటిలో మాదొకటి. ప్రతి శుక్రవారం బొగ్గుల్ని సబ్బునీళ్ళతో తుడుస్తానని నేను గొప్పగా చెప్పాను. ఆవిడ వాటివంక చూసింది, నావంక చూసింది.

"చల్లారాక పైపైన పొడిగుడ్డతో తుడువు. లోపల చేయి పెట్టకు, అది నా పని," అంది. తర్వాత గోడవైపు తిరిగి, "ఆ పటం వెనక ఏముంది?" అని అడిగింది.

కుంపటికి గాలి అందాలని గోడకు పెట్టిన కంత ఉంది. చలిగాలి వస్తోందని పటం అడ్డుపెట్టాను. ఆవిడ పటం తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడది మెట్ల దగ్గర వేలాడుతోంది. అక్కడే బాగుంది.