కర్పూరంతో తగలబెట్టిన రష్యన్ పడవలు

నన్ను అమెరికా నుంచి సాగనంపేంత పని చేసింది ఒక చిన్న కర్పూరం డబ్బా. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ వారమంతా ఏడుస్తూనే ఉన్నాను.

అప్పుడు న్యూజెర్సీలో కంప్యూటర్ డిగ్రీ చదువుతున్నాను. ఒక చరిత్ర కోర్సు తప్పనిసరి అంటే బైజాంటైన్ సామ్రాజ్యం తీసుకున్నాను. ప్రెజెంటేషన్‌కి నాకొచ్చిన అంశం గ్రీకు అగ్ని. కాన్‌స్టాంటినోపుల్ మీదికి దండెత్తి వచ్చిన తొలినాటి రష్యన్ల పడవలను బైజాంటైన్లు నీళ్ళ మీద కూడా ఆరని మంటతో తగలబెట్టారట. నీళ్ళ మీద మంట అనగానే నాకు మా దేవుడి పటం ముందున్న కర్పూరం గుర్తొచ్చింది, అదీ నీళ్ళ మీద తేలుతూ మండుతుంది కదా. అంత తెలివి నాకు అప్పుడే ఎందుకు రావాలో.

నా రూమ్మేట్ శ్రావణిది వరంగల్. "క్లాస్‌ల మంట పెడ్తవా? అలారం మోగితే?" అంది.

"రెండు బిళ్ళలే కదే."

"నీ చెయ్యి నాకు తెల్వదా? పప్పుల ఉప్పు గూడ గుప్పెడు ఏస్తవ్."

శ్రావణి అన్నంత పనీ అయింది. క్లాసులో అల్యూమినియం ట్రేలో నీళ్ళు పోసి, పది కాగితపు పడవలు వదిలి, రెండు బిళ్ళలు వెలిగించాను. వెనక వరసవాళ్ళు కనపడట్లేదన్నారు. అలా అన్నాక నేను ఆగుతానా? డబ్బా మొత్తం ఒంపేశాను. రష్యన్ పడవలన్నీ ఒక్కసారిగా అంటుకున్నాయి. నల్లటి పొగ తిన్నగా సీలింగ్‌కి వెళ్ళింది. అలారం మోగింది.

ఆ కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకోవడానికి తుర్కులకు యాభై రోజుల పైనే పట్టింది. నేను నాలుగంతస్తుల భవనాన్ని నాలుగు నిమిషాల్లో ఖాళీ చేయించాను. కోట్లు లేకుండా జనమంతా మంచులో వణుకుతుంటే, నేను భయంతో వణుకుతున్నాను. ఫైరింజన్‌లో వచ్చిన ఆఫీసర్ "ఏంటది?" అనడిగాడు.

"దేవుడికి వెలిగించేది సర్."

ఆయన అలాగే రాసుకున్నాడు.

మర్నాడు ఈమెయిల్ వచ్చింది. సోమవారం క్రమశిక్షణ విచారణ. సస్పెండ్ చేస్తే వీసా పోతుంది. "పోతే పో గానీ, రైస్ కుక్కర్ నాకిచ్చి పో" అంది శ్రావణి నవ్వించాలని. నేను ఏడ్చేశాను.

విచారణలో ఒకావిడ రూల్ బుక్‌లో వెలిగించకూడనివాటి జాబితా తెరిచి వేలితో వెతికింది. "కొవ్వొత్తి కాదు. సిగరెట్ కాదు. అగరుబత్తి కాదు. టపాసు కాదు." ఆవిడ వేలు ఒక్కో లైను దిగుతుంటే నా ప్రాణం ఒక్కో మెట్టు దిగింది. చివరికి పుస్తకం మూసి, "నువ్వు చేసినదానికి ఇందులో రూల్ లేదు. ఈసారికి వార్నింగ్‌తో వదిలేస్తున్నాను" అంది.

మరుసటి ఏడు కొత్త రూల్ బుక్ వచ్చింది. శ్రావణి పేజీ తీసి నా ముందు పెట్టింది. కొవ్వొత్తులు, సిగరెట్లు, అగరుబత్తులు, టపాసులు, వాటి కింద కొత్తగా ఒక లైను: గ్రీకు అగ్ని.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ రష్యన్లు పడవలేసుకుని నా అపార్ట్‌మెంట్ మీదికే వచ్చినా నేను అగ్గిపుల్ల గీయను. మా దేవుడికి కూడా ఇప్పుడు బ్యాటరీ దీపమే.