పంపాపతి అరచేతి పరీక్ష

పంపాపతి చొక్కా జేబులో రాయి పెట్టుకు తిరగడం ఎప్పుడు మొదలుపెట్టాడన్న విషయంలో బళ్లారి పక్కన ఇనుప గనుల ఊరైన సండూరు పెద్దలు రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్నారు. ఆ శుభఘడియ తోరణగల్లు బస్సులో సంభవించిందని మొదటి వర్గం వాదన. కండక్టరు టికెట్ అడిగితే, అతని చేతిలో రాయి పెట్టి, ఇది ఏం రాయో చెప్పమన్నాడట. కాదు, తన పెళ్లిలోనే బావమరిదికి తాంబూలం బదులు రాయి అందించాడని రెండో వర్గం. ఉభయుల దగ్గరా ఆధారాలు లేవు, చరిత్రకు ఇది కొత్తా కాదు. తేలిన సంగతి ఒక్కటే. పాతికేళ్లుగా ఆ ఊళ్లో పంపాపతిని పలకరించిన ప్రతి మనిషి చేతిలోనూ ఒక రాయి పడుతుంది. దాని సంగతి తేలేదాకా కుశలప్రశ్నలు మొదలుకావు.

వృత్తిరీత్యా ఆయన సండూరులోని ఒక డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం ల్యాబుకు అటెండరు. ఎనిమిదో తరగతితో చదువుకు నమస్కారం పెట్టి, యశ్వంతనగర్ గనిలో రెండేళ్లు సంచుల్లోకి రాళ్ల నమూనాలు ఎత్తి, తర్వాత ఇక్కడ వాటి దుమ్ము దులిపే ఉద్యోగంలో కుదిరాడు. వయసు యాభై ఆరు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లకే ఈమధ్య ముప్పు వచ్చింది.

ముప్పు ఒక ఫారం రూపంలో వచ్చింది. భూగర్భశాస్త్రం కోర్సుకు విశ్వవిద్యాలయం ఇచ్చిన అనుమతి గడువు ముగిసింది. దాన్ని పొడిగించాలంటే విద్యార్థులు ఏం నేర్చుకున్నారో కొలిచి, అంకెల్లో చూపించాలి. అంకె తక్కువైతే కోర్సు మూసేస్తారని కాలేజీ అంతా చెప్పుకున్నారు. మూసేస్తే మేడమ్‌ను వేరే ఊరికి వేస్తారు. పంపాపతిని ఎక్కడా వెయ్యరు. మిగిలేది కామర్స్ శాఖ, అక్కడ తుడవడానికి రాళ్లుండవు.

మేడమ్ అంటే హేమ, ఆ శాఖకు అధిపతి, ఆ శాఖలో ఏకైక ఉపన్యాసకురాలు కూడా. కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప కాలువ కింద వరి సాగుచేసుకుంటున్న కుటుంబంలో పుట్టింది. ‘విద్యార్థి ఖనిజాలను గుర్తించగలగాలి’ అన్నది ఫారంలో మొదటి లక్ష్యం. నూటికి అరవై మంది నెగ్గితే లక్ష్యం చేరినట్టు. ఆమె ఒక ఎర్రటి రాయిని బల్ల మీద పెట్టి, ముట్టుకోకుండా చూసి పేరు రాయమని చివరి ఏడాది పిల్లలకు పరీక్ష పెట్టింది. పందొమ్మిది మందిలో ఏడుగురు హెమటైట్ అని రాశారు. పన్నెండు మంది ‘సిక్స్టీ టూ’ అని రాశారు. ఆమె పన్నెండు సున్నాలు వేసింది. నూటికి ముప్పై ఏడు తేలింది.

ప్రిన్సిపాల్ ఆ అంకెను చూసి, దాన్ని కొంచెం ‘సర్దమని’ సలహా ఇచ్చాడు. కామర్స్ వాళ్లు నూటికి తొంభై ఒకటి పాయింట్ నాలుగు వేసుకున్నారని ఆదర్శంగా చూపించాడు. వాళ్లు నిరుడూ అంతే వేసుకున్నారు, ముందటేడూ అంతే. హేమ సర్దనంది. జవాబు పత్రాలు కుట్టడానికి వచ్చిన పంపాపతితో తన గోడు చెప్పుకుంది.

“రాయి పేరేంటంటే పన్నెండు మంది నంబరు రాశారండీ పంపాపతి గారూ. రాయికి నంబరేంటి, సిటీ బస్సు కాదుగా?”

పంపాపతి పత్రాలు రెండు తిరగేశాడు.

“వాళ్లకు రాక కాదు మేడమ్. ఆ పిల్లోల్ల ఇండ్లల్లో దాన్ని హెమటైట్ అనేటోళ్లు యాడుండారు? నాయిన డ్యూటీ దిగి వస్తానే ‘ఈ పొద్దు సిక్స్టీ టూ పడిందే’ అంటాడు. నూటికి అరవై రెండు పాళ్లు ఇనుము ఉండాదని. మీరు పేరడిగినారు, వాళ్లు గుణం చెప్పినారు.”

“నేను అడిగింది పేరే కదండీ.”

“ముట్టుకోకుండా చెప్పమంటిరి. రాయిని చూసి యాడ చెప్తారు మేడమ్? పెండ్లిచూపులా? ఒగ తూరి చేతిలో పెట్టి అడగండి.”

హేమ ఆ రాత్రంతా ఆలోచించలేదు. అయిదు నిమిషాలు ఆలోచించి ఒప్పుకుంది. విశ్వవిద్యాలయం పంపే పరిశీలక సంఘం గురువారం వస్తుందనగా మంగళవారం రెండో పరీక్ష జరిగింది. ఒక్కొక్కరి అరచేతిలో పంపాపతి ఒక్కో రాయి పెట్టాడు. అది ఏమిటి, ఎలా తెలిసింది, అందులో లోపమేమిటి అని మూడే ప్రశ్నలు. పాతికేళ్లుగా ఆయన బజారులో అడుగుతున్నవే, హేమ వాటికి మార్కులు మాత్రం కేటాయించింది. పదహారు మంది నెగ్గారు. నూటికి ఎనభై నాలుగు. ఆమె ఫారంలో రెండు అంకెలూ వేసి, రెంటి మధ్య తేడా తన ప్రశ్నపత్రం తప్పని రాసింది. ఆ కాలేజీ ఫారాల్లో తప్పు అనే మాట చోటుచేసుకోవడం అదే ప్రథమం.

గురువారం సంఘం వచ్చింది. అధ్యక్షుడు బళ్లారి తెలుగాయనే, కామర్స్ ప్రొఫెసరు. ఒక తరగతికి రెండు అంకెలుండటం ఆయన వృత్తికి అలవాటు లేని విషయం. నమ్మకం కుదరక, ఎవరినైనా పిలవమన్నాడు. ల్యాబు ముందు నిలబడ్డ రక్షిత అనే చివరి ఏడాది అమ్మాయి దొరికింది. తండ్రి గనిలో లోడింగ్ యంత్రం నడుపుతాడు. పరీక్షించడానికి అధ్యక్షుడు ప్రిన్సిపాల్ బల్ల మీద నుంచి నున్నటి నల్ల పేపర్‌వెయిట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మేలురకం మ్యాంగనీస్ ఖనిజమని, ఒక గని యజమాని కానుకని, ప్రిన్సిపాల్ తొమ్మిదేళ్లుగా అతిథులందరికీ చూపించే వస్తువు అది.

రక్షిత దాన్ని చేతిలో ఎగరేసి పట్టుకుంది. అడుగున గరుకుగా ఉన్న వైపును, పంపాపతి ల్యాబు నుంచి తెచ్చి అందించిన పింగాణీ పలక మీద గీసింది. ప్రిన్సిపాల్ వైపు ఒకసారి చూసింది.

“చెప్పాల్నా సార్?”

“చెప్పమ్మా,” అన్నాడు అధ్యక్షుడు.

“ఇది మ్యాంగనీస్ కాదు సార్. అదైతే పలక మింద నల్లగా గీత పడాల. బరువు గూడా ఇంకా ఉండాల. ఇది వంటింట్లో స్టవ్ కింద పరుస్తారే, ఆ రాయి ముక్క. సూడండి, రంపం కోసిన గీతలు ఇంగా ఉండాయి.”

అధ్యక్షుడు హేమ వైపు చూశాడు. హేమ తల ఊపింది. ప్రిన్సిపాల్ పంపాపతి వైపు తిరిగి, నీకిది ముందే తెలుసా అని మెల్లగా అడిగాడు.

“తొమ్మిదేండ్లుగా నేనే కదా సార్ తుడుస్తాండేది. మీరెప్పుడూ అడగల్యా.”

అధ్యక్షుడు నవ్వు ఆపుకుంటూ ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తెలియక పంపాపతి నలభై రోజులు నలిగిపోయాడు. ఆ నలభై రోజులూ ఊళ్లో ఎవరి చేతిలోనూ రాయి పడలేదు. జనం ఆయనకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

నలభై ఒకటో రోజున ఉత్తర్వు వచ్చింది. హేమ కాగితం పట్టుకుని ల్యాబులోకి పరుగున వచ్చి, ఇంకో అయిదేళ్లు ఇచ్చారండీ అంది. పంపాపతి స్టూలు మీద కూలబడి, రాళ్లు తుడిచే గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు. ముక్కు మీద ఎర్రమన్ను అంటింది.

“సాలు మేడమ్. నాకు నాలుగే కావాల.”

ఆ వారంలోనే ఆయన పద్ధతికి ‘స్పర్శాధారిత మూల్యాంకనం’ అని పేరు పెట్టి కాలేజీ వార్షిక నివేదికలో అచ్చువేశారు. ప్రిన్సిపాల్ సభ పెట్టి శాలువా కప్పాడు, ఒక అటెండరు అరచేయి ఒక శాస్త్రాన్ని కాపాడిందన్నాడు. తమ పిల్లల చేతుల్లో ఏం పెట్టవచ్చో కనుక్కోవడానికి కామర్స్ శాఖ ఒక ఉపసంఘాన్ని నియమించింది.

ఉత్తర్వుకు వెనక ఒక జాబితా కుట్టి ఉంది. ఆ ఏడాది అనుమతి పొడిగించిన కోర్సులు నలభై ఒకటి. దరఖాస్తు పెట్టుకున్నవీ నలభై ఒకటే.