అన్నీ నార్మల్

ఆ ఆస్పత్రిలో మూడో గది డాక్టరుగారి అసలు పేరు చాలామందికి తెలియదు. ‘చూస్తేగానీ డాక్టరు’ అంటే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ కూడా దారి చూపిస్తాడు. ఎవరేం అడిగినా ఆయన మొదటి మాట, "చూస్తేగానీ చెప్పలేను." బయట వాన పడుతోందా అని భార్య అడిగినా కిటికీ దాకా వెళ్లొచ్చే మనిషి. ఈయన నోట ఒక్క మాట రావాలంటే తపస్సు చేయాలని ఆవిడ దెప్పుతుంటుంది.

అలాంటి మనిషి గదిలోకి కంప్యూటర్ వచ్చింది. ఇక కాగితాలు లేవు, రోగి వివరాలన్నీ డాక్టర్లే టైపు చేయాలన్నారు. అరవై దాటిన ఆయన ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటుంటే నర్సుకే జాలేసేది. నేర్పడానికొచ్చిన అమ్మాయి ఒక కిటుకు చెప్పింది. ‘అన్నీ నార్మల్’ అనే బటన్ నొక్కితే తల నుంచి కాలిగోటి దాకా ఇరవై గళ్లు వాటంతటవే నిండుతాయి. తేడా ఉన్నదొక్కటే మార్చుకుంటే చాలు. మిగతా డాక్టర్లకు ప్రాణం లేచొచ్చింది. చూడకుండా రాయడమేమిటని ఈయన మాత్రం దాని జోలికే పోలేదు. పక్క గదుల్లో నలభైమంది అయ్యేసరికి ఈయన దగ్గర పన్నెండుమంది.

ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న సూపరింటెండెంటు మొహమాటపడుతూనే చెప్పాడు. శుక్రవారం నాటికి రోజుకు నలభై కాకపోతే ఆయన్ని రికార్డుల విభాగానికి మార్చాల్సి వస్తుందట. రోగులు రాని గదిలో కూర్చోవడమంటే ఆయనకు ఊపిరాగినట్టే.

శుక్రవారం ఉదయం ఆయన బటన్ నొక్కాడు. వరుస చకచకా కరిగిపోయింది. పదకొండింటికల్లా ఇరవై నాలుగు. ఇరవై ఐదోవాడు దగ్గుతో వచ్చిన వడ్రంగి. కంప్యూటర్‌లోంచి తీసి చేతికిచ్చిన ప్రింటు చదువుకుని తల గోక్కున్నాడు.

"చేతివేళ్లు పదీ బాగున్నాయని రాశారేంటి సార్? రంపం కింద పడ్డ వేలు మీరే కదా తీసేశారు."

రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాడు. ఆ కుట్లు తనవేనని డాక్టరు గుర్తుపట్టాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. యంత్రాన్ని తిట్టి లాభమేముంది, నొక్కింది తానే.

మందుల కిటికీ దగ్గర ఇంకా నిలబడ్డవాళ్లను వెనక్కి పిలిపించమని నర్సుకు చెప్పాడు. గొణుక్కుంటూ పదిమంది వచ్చారు. ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లకు ఫోన్లు చేయించాడు. ఒక్కొక్కరినీ తల నుంచి కాళ్ల దాకా చూసుకుంటూ వచ్చాడు. మోకాలి నొప్పని వచ్చిన పెద్దావిడ చెప్పులు విప్పించేసరికి అరికాల్లో పుండు. షుగరు మనిషి కావడంతో ఆవిడకు నొప్పే తెలియలేదు.

సాయంత్రం సూపరింటెండెంటు బదిలీ కాగితంతో వచ్చాడు. లెక్క ఇరవై ఐదు దగ్గరే ఆగింది. తెర మీద పెద్దావిడ పేజీ తెరిచి ఉంది. ‘పాదాలు: నార్మల్’ అన్న గడి కింద డాక్టరు ఒంటివేలితో కొట్టిన మాటలున్నాయి: ‘పొద్దున చూడకుండా రాశాను. ఇప్పుడు చూశాను. కుడి అరికాల్లో పుండు.’

సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు. బదిలీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్క గది గోడవైపు చూస్తూ నర్సుని మెల్లగా అడిగాడు.

"అవతల ఆ నలభైమందికీ పాదాలు చూసే ఉంటారంటావా?"

"చూస్తేగానీ చెప్పలేను సార్" అంది నర్సు.