సగం గోలీ

బీడీల కార్ఖానాలో కోమల గెలిచిన కొట్లాటను యాదవ్వ కళ్ళారా చూసింది. గుమాస్తా రామచంద్రం కోమల కట్టల్లోంచి బీడీలు ఏరి, "గివి పనికిరావ్" అని పక్కన పడేశాడు. కోమల చెయ్యి చాచి, అతని చెవి మీది బీడీని లాగింది.

"నిన్న నువ్వు పారేసిందే గిది. గీ ముడి నేనేసిందే. పనికిరానిదైతే నీ చెవి మీదికెట్లెక్కింది సారూ?"

ఆడోళ్ళంతా పక్కున నవ్వారు. రామచంద్రం ఏరినవన్నీ మళ్ళీ కట్టలో పెట్టాడు. ఆ రోజు మీసముంటే యాదవ్వ మెలేసేదే. అక్క బిడ్డ మరి!

ఇవాళ కరీంనగర్ ఆస్పత్రి బల్ల మీద అదే పిల్ల మూగదానిలా కూర్చుంది. మొగుడు సంపత్ దుబాయి నుంచి చిక్కి శల్యమై వచ్చి, జబ్బేమిటో చెప్పకుండానే నిరుడు పోయాడు. ఇప్పుడు కోమలకు హెచ్ఐవి ఉందని తేలింది. నర్సు మగ్దలేనమ్మ గోలీల సీసా ముందు పెట్టి, మళ్ళీ రక్తం తీసింది.

"ఉన్న నెత్తురంత మీరే గుంజుకుంటే పిల్లకేం మిగుల్తదమ్మా?" యాదవ్వ గయ్యిమంది.

"కొత్తగ బయటపడ్డోళ్ళందరికీ చూస్తున్నం అవ్వా. కొందరి ఒంట్ల క్రిమి ముందే మందుకు లొంగకుంట అయితది. పత్తికి సగం మందు కొడితే పురుగు మొండికెత్తదా? అట్లనే." కోమల వైపు తిరిగింది. "ఇదివరకు గీ గోలీలు మింగినవా బిడ్డా? మింగితే చెప్పు, వేరే మందియ్యాలె. గిది పనిచెయ్యదు."

"లేదు" అంది కోమల, సీసా వంకే చూస్తూ.

బయట యాదవ్వ చాయ్ తెచ్చి చేతికిచ్చింది. కోమల తాగలేదు. పైన మీగడ కట్టింది.

"చిన్నమ్మా, గసొంటి సీసానే ఆయన వడ్ల గుమ్మిల దాచిండు. బలం గోలీలన్నడు. ఒక్కోటి విరిచి సగం నా నోట్ల పెట్టేటోడు. ప్రేమనుకున్న."

కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పింది. యాదవ్వ నాలుక మీదికి తిట్లు వరసకట్టి వచ్చాయి. ఆ మొహం చూసి అన్నీ మింగేసింది.

"మరి లోపట లేదంటివి గదనే?"

"మింగిన్నంటే, ఆయన తెలిసే నాకంటించిండని అయితది. సచ్చినోని మీద నేనెట్ల చెప్పాలె?"

"చెప్పకుంటే నువ్వు పోతవ్ పొల్లా!"

"ఎరుకే." కోమల చల్లారిన గ్లాసు కింద పెట్టింది. "నా నోరు లేస్తలేదు. నీకున్నది గద, నువ్వే పోయి చెప్పు చిన్నమ్మా. సగం గోలీ సంగతంత చెప్పు. ఆయన పేరు మాత్రం జర మెల్లగ అను."