చెవికి అందని ‘స’

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. ఎనిమిదేళ్ళుగా కుడిచెవికి మిషను పెట్టుకుంటున్నాను. చెవిలోపలే ఇమిడిపోయే చిన్నది అది. జుట్టు కాస్త ముందుకు దువ్వుకుంటే ఎవరికీ కనబడదు. పోయిన ఏడాది నుంచి దాని చప్పుడు ఎంత పెంచినా మాటలు అందడం మానేశాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. పెదాలు చూసి, ముందు మాటా వెనక మాటా కలుపుకుని, మిగిలింది ఊహించుకునేదాన్ని. అందులో నాకు మంచి నేర్పు ఉందనే నమ్మకం కూడా ఉండేది.

ఒక సోమవారం హాజరు వేస్తున్నాను. మూడు రోజులుగా బడికి రాని పిల్ల ఒకతె నా బల్ల దగ్గరికొచ్చి, తలవంచుకుని చెప్పింది.

“మా అవ్వ వచ్చిపోయింది మేడం.”

నాకు వినబడింది అదే.

“మంచిదమ్మా. నీకేం తెచ్చింది?” అని నవ్వుతూ అడిగాను.

పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, వెళ్ళి కూర్చుంది. ముందు వరుసలో ఉన్న ఇంకో పిల్ల లేచి, ఒక్కో అక్షరం విడదీసి గట్టిగా చెప్పింది.

“వచ్చిపోలేదు మేడం. సచ్చిపోయింది.”

మధ్యాహ్నం అన్నాల వేళ ఆ పిల్లను పక్కకు పిలిచి, “నాకు సరిగ్గా ఇనపడలేదమ్మా. తప్పయిపోయింది” అన్నాను.

“పర్లేదు మేడం. మా అవ్వకీ ఇనపడ్తా ఉండ్లేదు. నేను చెవికాడికి పోయి చెప్తాంటి” అని, కంచం కడుక్కోవడానికి పరుగెత్తింది.

సాయంత్రానికి బాధతో పాటు ఇంకొకటి పట్టుకుంది. అన్ని మాటల్లోనూ ఆ ఒక్క అక్షరమే ఎందుకు పోయింది? పోయినచోట ‘వ’ ఎక్కడినుంచి వచ్చింది?

ఆదివారం లోపే మదనపల్లె వెళ్ళి చెవులు చూపించుకోవాలనుకున్నాను. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఒక పూట సెలవు పెట్టుకుని తోడొచ్చాడు. చెవి పరీక్షలు చేసే అమ్మాయి నన్ను గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. వినబడిందో, వినబడినట్టు అనిపించిందో తేలక రెండు మూడుసార్లు ఊరికే నొక్కాను. గాజుకు అవతలినుంచి ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నా ఊహల నేర్పు అక్కడ చెల్లలేదు.

తర్వాత ఒక కాగితం మీద గీత గీసి చూపించింది. ఎడమవైపు లావు శబ్దాలు, కుడివైపు సన్నవి. నా గీత ఎడమవైపు పర్వాలేదనిపించేలా మొదలై, కొండ దిగే రోడ్డులా కుడివైపుకు జారిపోయింది.

“దీంట్లో ‘స’ యాడుండాదమ్మా?” అని అడిగాను.

ఆ అమ్మాయి నవ్వి, కుడివైపు చివర ఒక చుక్క పెట్టింది. నా గీత దానికి ఎంతో కింద ఉంది. గీతకు పైనున్నదేదీ నా చెవికి అందదట. అవ్వ సంగతి చెప్పాను.

“మీ చెవికి ‘అచ్చిపోయింది’ అనే అందుంటాదమ్మా. ముందర ఖాళీ ఉంటే మీ బుర్రే ‘వ’ చేర్చుకునింది.”

ఖాళీలు పూరించుము. పాతికేళ్ళుగా పిల్లలకు నేనిచ్చే ప్రశ్న. నా తల నాకు చెప్పకుండానే రోజంతా అదే రాస్తూ కూర్చుంది, ఎన్ని తప్పులు రాసిందో దిద్దేవాళ్ళు లేరు.

బల్ల మీద నాలుగు రకాల మిషన్లు పెట్టింది. నా చెయ్యి చిన్నదాని మీదికే పోయింది.

“ఇంత తగ్గినాక దానికి బలం చాలదమ్మా. పెంచితే ఈల వేస్తాది. చెవి వెనక పెట్టుకునేదే మేలు. రెండు చెవులకీ కావాల.”

చెవి వెనక ఒకటి తగిలించి అద్దం చేతికిచ్చింది. పక్కకు తిరిగి చూసుకున్నాను. ఎవరికైనా కనబడుతుంది. ఎనిమిదేళ్ళు దాచుకున్నది ఇక దాగదు. రంగులేమున్నాయని అడిగితే నలుపు, బూడిద, ఎరుపు అంది.

“ఎర్రది తీసుకో ఏమ్మే. యాడన్నా పడినా కనిపిస్తాది” అన్నాడు మా ఆయన.

చెవి వెనక పెట్టుకునేవాటిలో రెండు రకాలు పెట్టి చూశాను. ఆ గదిలో రెండింటితోనూ ఆ అమ్మాయి మాట చక్కగానే వినబడింది.

“ఈడ ఎవురు మాట్లాడినా ఇనపడతాదిలేమ్మా. నాకు ముప్పై మంది పిల్లోళ్ళుండారు. ఒకతూరి రోడ్డు మీదికి పోయి సూసొస్తాం” అన్నాను.

ఎవరూ అలా అడగలేదట. సరేనంది. టమోటా క్రేట్ల లారీలు, ఆటోలు, పక్కనే టీ కొట్టు. మొదటి జతతో అన్నీ ఒకే కుప్పగా మీద పడ్డాయి. రెండో జత పెట్టుకున్నాక లారీ లారీగానే ఉంది, గ్లాసులు గ్లాసులుగానే ఉన్నాయి, వాటి మధ్యనుంచి మా ఆయన మాట విడిగా వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు కరివేపాకు తీసుకోవాలంటున్నాడు. రెండో జతే కావాలన్నాను, నల్లరంగుది. లోపలికొచ్చాక ఆ అమ్మాయి చెవుల్లో చల్లటి ముద్ద నింపి కొలతకు అచ్చు తీసుకుంది. వారానికి మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను.

రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టమని ఆ అమ్మాయి చెప్పింది. ఎందుకో మొదటిరోజే తెలిసింది. నా గొంతు నాకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంది. మురుకు నమిలితే తల లోపల రాళ్ళు దొర్లాయి. సాయంత్రానికి కణతలు పీకాయి. అయినా తీసిపెట్టాలనిపించలేదు, ఎందుకంటే ఇంట్లో నాకు తెలియని చప్పుళ్ళు బోలెడున్నాయి. ఒక్కొక్కదాన్ని వెతుక్కుంటూ తిరిగాను. టక్ టక్‌మనేది మా ఆయన స్కూటరు ఇండికేటరు. గోడలోంచి వచ్చే సన్నటి రొద ట్యూబ్‌లైటు. వంటింట్లో నా వెంట తిరుగుతున్న గరగర ఏమిటో రెండు రోజులు అంతుపట్టలేదు. అది నా చీర కుచ్చిళ్ళది.

మా ఆయన మాత్రం అరుస్తూనే ఉన్నాడు.

“మెల్లిగా చెప్పప్పా, ఇనపడతాంది” అన్నాను.

“మెల్లిగానే కదా చెప్తాండా!” అని అరిచాడు. ఆ మాట ఆయనకే వినబడింది కాబోలు, చేతిలో పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు. ఎనిమిదేళ్ళు నాకోసం గొంతు పెంచి, తగ్గించేది మరిచిపోయాడు. మెల్లగా మాట్లాడటం మళ్ళీ అలవాటయ్యేసరికి ఆయనకూ నెల పట్టింది.

బడిలో మొదటిరోజు పిల్లలు దగ్గరికొచ్చి మిషన్లు చూశారు. ముట్టుకుంటామంటే ముట్టుకోనిచ్చాను. తర్వాత బోర్డు మీద రాస్తూ మాట్లాడుతుంటే, తరగతిలో ఎవరో “సూడండి” అన్నారు. వెనక్కి తిరిగాను. ‘చూడు’ అని రాయాల్సినచోట ‘సూడు’ అని రాసినందుకు వీళ్ళ పుస్తకాల్లో ఎన్ని ఎర్రసున్నాలు చుట్టానో లెక్కలేదు.

“ఎవురది, సూడండి అనింది?”

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు.

“మీరే మేడం.”

“నేనా?”

“మీరు ఎప్పుడూ అట్లే అంటారు మేడం.”

“మరి యాల చెప్పలేదు?”

“మీకు తెలుసనుకుంటిమి.”

నవ్వు ఆపుకోలేకపోయాను. వాళ్ళూ నవ్వారు. ఇంటికెళ్ళి చెబితే, “పుట్టింది బైరెడ్డిపల్లె. అనక ఏంజేస్తావు?” అన్నాడు మా ఆయన. ఇప్పుడు ఎర్రసున్నా పక్కన ఒక మాట రాస్తున్నాను: అనేటప్పుడు సూడు, రాసేటప్పుడు చూడు.

రెండో నెలలో కుప్పం వెళ్ళాను. అక్కడికి దగ్గరి పల్లెలో మా అక్క పట్టుపురుగులు పెంచుతుంది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఇంట్లో కనబడకపోతే పురుగుల షెడ్డులోకి వెళ్ళాను. అక్క అరల మధ్య నిలబడి మల్బరీ ఆకు పరుస్తోంది. లోపల అడుగుపెట్టగానే పైన రేకుల మీద సన్నగా వాన మొదలైంది. బయటికొచ్చి చూస్తే ఎండ. మళ్ళీ లోపలికెళ్తే వాన.

“ఏమక్కా, ఈ సద్దేంది?” అని అడిగాను. అక్క పలకలేదు. ముందుకెళ్ళి మొహంలోకి చూస్తూ అడిగాను.

“ఏం సద్దే?”

“వాన పడినట్లుండాదే.”

అక్క చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. “పురుగులు మేసే సద్దు. గూడు కట్టే ముందర పెద్ద మేతకొచ్చినాయి కదా. నీకు ఇనపడతాందా?”

“నీకు ఇనపడలేదా?”

“నాకు ఇనపడి చానా ఏండ్లాయ. ఈ కొత్త రకం పురుగులు సద్దు చెయ్యవనుకుంటాంటి.”

ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఉన్న మనిషికి లేని చప్పుడు, ఇప్పుడే లోపలికొచ్చిన నాకు ఉంది. అక్క నా చెవి వెనక వేలు పెట్టి మిషనును తడిమి చూసింది. తీసి చూపించాను. తిప్పి తిప్పి చూసి ఇచ్చేసింది.

“ఈ పంట గూడు కట్టినాక నన్నూ మదనపల్లెకు తీసకపో.”

“పోదాం.”

ఇద్దరం కలిసి మిగతా అరలకు ఆకు పరిచాం. ఒక్కో అర కాగానే అక్క ఆగి నన్ను అడిగేది.

“ఇప్పుడో? ఇనపడతాందా?”

కొత్త ఆకు పడగానే ఆ అరలో చప్పుడు ఆగిపోతోంది. పురుగులు కింది ఆకు వదిలి పైకి రావాలి.

“ఇప్పుడు లేదు. ఆగు,” అన్నాను. ఇద్దరం ఆ అర మీదికి వంగాం. ఆకు అంచున ఒక తెల్లటి తల కనబడింది, తర్వాత ఇంకొకటి.

“మొదలైందక్కా.”