వచ్చాడు, వచ్చింది, వచ్చారు

ఫణి గారంటే నాకు కడుపు మంట. దాచుకోవడం ఎందుకు? చికాగో పక్కన ఈ షామ్‌బర్గ్‌లో తెలుగువాళ్ళందరూ ఆయన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు, తిట్టుకోవడానికి ఒక్కరైనా ఉండాలి కదా. పైగా ఆయన గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇష్టమైనవాళ్ళని మనం అంతగా గమనించం.

ఆయనది గుడివాడ దగ్గర ఒక ఊరు. తాత తిరుపతయ్య పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టేవారు. మనవడి చేత కుచ్చిళ్ళు పట్టించుకునేవారు, సవరం పెట్టించుకునేవారు. అలా నిక్కర్లు వేసుకునే వయసులోనే ఫణికి చీర కట్టడం వచ్చేసింది. తర్వాత అందరిలాగే ఇంజనీరింగ్, ఎమ్మెస్, హెచ్‌వన్‌బీ. ఇప్పుడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం ఉద్యోగం. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. చిన్న అపార్ట్‌మెంటు, పాత కరోలా. అందరూ తలో వంటా తెచ్చుకునే పొట్లక్‌కి పులిహోర తెస్తారు. ఆ పులిహోర కూడా నా పులిహోర కంటే బాగుంటుంది.

ఆయన ఈ ఊరికి రాకముందు ఉగాది నాటకంలో హీరోయిన్ అంటే నేనే. వేరే పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. మా సంఘం నాటకాలన్నీ శ్యామ్‌సుందర్ గారే డైరెక్ట్ చేస్తారు. ఆయన స్క్రిప్ట్ పంపగానే ముందు నా డైలాగులు ఎన్ని ఉన్నాయో చూసుకునేదాన్ని.

ఈసారి నాటకం ఫణి గారు రాశారు. దాదాపు మూడువందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పుట్టిన దెయోన్ అనే మనిషి కథ. రాజుగారి పని మీద రష్యా మహారాణి కొలువు దాకా వెళ్ళిన గూఢచారి, రాయబారి, గుర్రపుదళంలో కెప్టెన్. ఈ మనిషి ఆడా మగా అని లండన్‌లో జనం పందేలు కాశారట. తను ఆడదాన్నేనని దెయోన్ చెప్పుకుంటే, అయితే ఆడబట్టలే కట్టమని రాజు ఆజ్ఞ వేశాడట. ఆ తర్వాత పోయేదాకా ఆడమనిషిగానే బతుకు. అరవై దగ్గర పడుతున్న వయసులో గౌనులోనే కత్తియుద్ధం కూడా చేసిందట ఆ ప్రాణం. వింటూ వింటూనే నేను మనసులో గౌను కొలతలు ఇచ్చేసుకున్నాను.

"అది ఫణి గారే చేస్తారు లీల గారూ," అన్నారు శ్యామ్‌సుందర్. "మీకు రష్యా మహారాణి. సూపర్ రోల్!"

కిరీటం ఉంది, సింహాసనం ఉంది, మాటలు లేవు. అదీ సూపర్ రోల్.

రిహార్సల్స్ శ్యామ్‌సుందర్ గారి బేస్‌మెంట్‌లో. బయట మంచు, లోపల ఫర్నేస్ చప్పుడు. ఫణి గారు ఆఫీసు చొక్కా మీదే నడుముకి ఒక పాత చీర చుట్టుకుని అడుగు వేసేవారు. అంతే, చొక్కా కనిపించేది కాదు. మా ఆయన రఘువీర్ నోరు తెరుచుకుని చూసేవాడు.

"ఏం నడకే! నువ్వెప్పుడూ అలా నడవలేదు," అన్నాడు ఇంటికొచ్చే దారిలో.

బియ్యం బస్తాలు, పిల్ల వయొలిన్, లాండ్రీ బుట్ట మోసేదానికి నడక ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రాత్రి రఘువీర్‌కి పెరుగు వెయ్యలేదు. ఆడవాళ్ళు ఇంకా అన్యాయం. నేనక్కడే ఉండగా నన్ను దాటుకుని వెళ్ళి, "ఫణి గారూ, ఈ కుచ్చిళ్ళు నిలవట్లేదు, కాస్త చూడరా?" అని అడిగేవాళ్ళు.

నాటకంలో ఒక తమాషా ఉంది. దెయోన్ గురించి ఎవరు మాట్లాడినా 'వచ్చారు', 'వెళ్ళారు', 'అన్నారు' అనే అంటారు. 'వచ్చాడు' లేదు, 'వచ్చింది' లేదు. తెలుగులో మర్యాద ఇచ్చేస్తే చాలు, ఆడా మగా తేల్చక్కర్లేదు. "బ్రిలియంట్ అండీ!" అని శ్యామ్‌సుందర్ గారు మురిసిపోయారు. నాకూ నచ్చింది. అందుకే ఇంకా మండింది.

ఆ తమాషాకి గండి కొట్టింది మా అమ్మాయి ఆద్య. థర్డ్ గ్రేడ్ చదువుతోంది, ఇక్కడే పుట్టింది. దాని తెలుగులో లోకమంతా ఆడదే. డాడీ వచ్చింది, తాతయ్య ఫోన్ చేసింది, మెయిల్‌మ్యాన్ వెళ్ళిపోయింది. దానికి పనిపిల్ల వేషం ఇచ్చారు. దెయోన్ మొదటిసారి గౌనులో కొలువుకి వచ్చేటప్పుడు ముందుగా పరుగెత్తుకొచ్చి "దెయోన్ గారు వచ్చారు!" అని అరవాలి. అది "దెయోన్ గారు వచ్చింది!" అని అరిచేది. అందరూ పొట్టలు పట్టుకునేవారు.

ఫణి గారు మాత్రం నవ్వేవారు కాదు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఏమన్నావమ్మా? మళ్ళీ చెప్పు," అనేవారు. అది మళ్ళీ చెప్పేది. "ఇంకోసారి," అనేవారు. ప్రతి రిహార్సల్‌లోనూ ఇదే. నా వేషం పట్టుకుపోయింది చాలక నా పిల్ల తెలుగుని ఆట పట్టిస్తున్నారని నాకు ఒళ్ళు మండిపోయేది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో సమాధానం చెప్పే పిల్ల, ఆయన పక్కన చేరి తెలుగులోనే వాగుతుంటే ఇంకా మండేది.

చివరి రిహార్సల్ అయ్యాక శ్యామ్‌సుందర్ గారు బతిమాలారు. "లీల గారూ, ఇంట్లో కూర్చోబెట్టి 'వచ్చారు' ప్రాక్టీస్ చేయించండి, ప్లీజ్."

ప్రాక్టీస్ చేయించాను. కాకపోతే 'వచ్చారు' కాదు.

"మగవాళ్ళకి వచ్చాడు, ఆడవాళ్ళకి వచ్చింది. డాడీ?"

"వచ్చాడు."

"మమ్మీ?"

"వచ్చింది."

"ఫణి అంకుల్?"

"వచ్చాడు!"

"గుడ్. స్టేజ్ మీద అదే అను. గట్టిగా."

గౌను, విగ్గు, ఆ నడక. అదంతా చూసి పసిపిల్ల 'వచ్చాడు' అంటే హాలంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు ఒక్కటి వింటే చాలు, నా వేషం నాకు తిరిగొచ్చినట్టే అనుకున్నాను.

నాటకం రోజు మధ్యాహ్నం హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. నేను తగరపు కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చున్నాను. ఆద్య పరుగెత్తుకుంటూ వచ్చి, "దెయోన్ గారు..." అని ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

ఫణి గారు వస్తున్నారు. తాతగారి స్టేజి పట్టుచీర విప్పి కుట్టించిన గౌను. జరీ అంచు నేల మీద జారుతోంది. ఆద్య ఆ అంచు నుంచి మొదలుపెట్టి పైకి, ముఖం దాకా చూసింది. నేను పెదవులు కదిపి 'చాడు, చాడు' అని అందిస్తున్నాను. అది నా వైపు చూడనే లేదు.

"వచ్చింది!" అని అరిచింది.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆగిపోయారు. ఫణి గారు స్టేజి మధ్యలో నిలబడిపోయారు. ఒక్క డైలాగు కూడా మరిచిపోని మనిషి, తనే రాసుకున్న మాట మరిచిపోయారు. కళ్ళ నిండా నీళ్ళు. తర్వాత నెమ్మదిగా గౌను పట్టుకుని వంగి దండం పెట్టారు. మహారాణిని నేనిక్కడ కూర్చుని ఉంటే, దండం మా పనిపిల్లకి. అది నాటకంలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అయిపోయాక మేకప్ రూమ్‌లో నన్ను పట్టుకున్నారు. "లీల గారూ, అలా అనమని మీరు నేర్పించారా?"

"లేదండీ," అన్నాను. అది మాత్రం నిజం. ఊరుకోలేక అడిగేశాను. "రిహార్సల్స్‌లో దాని చేత అన్నిసార్లు ఎందుకు చెప్పించారు? వెక్కిరింపా?"

ఆయన బిత్తరపోయారు. "అయ్యో, కాదండీ! వినాలనిపించేది. నన్నెవరూ ఆ మాట అనలేదు, మా అమ్మ కూడా. చిన్నప్పుడు 'వచ్చాడు'. పెద్దయ్యాక 'ఫణి గారు వచ్చారు'. ఆ 'గారు' చాటున బతికేశాను." కాటుక తుడుచుకుంటూ నవ్వారు. "పాపం, పిల్లకి తెలుగు రాక అన్నదే అనుకోండి. అయినా బాగుంటుంది."

కిరీటం తీసి సంచిలో పడేసుకుని బయటికొచ్చాను.

తలుపు దగ్గర చలిలో నేనూ ఆద్యా నిలబడ్డాం. రఘువీర్ కారు తేవడానికి వెళ్ళాడు. హెడ్‌లైట్లు కనబడగానే ఆద్య ఎగిరి గంతేసింది.

"మమ్మీ, డాడీ వచ్చాడు!"

నేను దాని భుజం పట్టుకున్నాను. "ఇప్పుడెలా చెప్పావే? మరి స్టేజ్ మీద ఎందుకలా అన్నావు? నేర్పించాను కదా!"

"ఐ నో, మమ్మీ." నాకేదో తెలియనట్టు ఓపిగ్గా చెప్పింది. "బట్ షీ వచ్చింది కదా. ఐ సా."

కారెక్కాం. పార్కింగ్ లాట్ చివర ఫణి గారు కరోలా అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నారు. గౌను లేదు, విగ్గు లేదు. జాకెట్, టోపీ, భుజానికి లాప్‌టాప్ బ్యాగు. అది పిల్ల పొరపాటేనని ఆయన అనుకుంటున్నారు. కాదని ఈ భూమ్మీద తెలిసింది నాకొక్కదానికే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నా వేషం ఎత్తుకుపోయిన మనిషికి ఇది కూడా నా చేతులతో ఇవ్వాలా అనిపించింది.

"ఆపు," అన్నాను రఘువీర్‌తో. అద్దం దించాను.

"ఫణి గారూ! పొరపాటు కాదండీ. దానికి 'వచ్చాడు' అనడం వచ్చు. నేనే నేర్పాను, మీ కోసమే నేర్పాను. మిమ్మల్ని చూసి మార్చేసుకుంది."

మంచు గీకే చెయ్యి ఆగిపోయింది. ఆ ముఖం వెలిగింది. అంత వెలుగు నేను స్టేజి లైట్ల కింద కూడా ఎవరి ముఖంలోనూ చూడలేదు.

లీల వచ్చింది, లీల వెళ్ళింది, లీల వండింది. ఆ మాట నన్ను పొద్దున్న లేస్తే అంటారు. ఒక్కసారైనా నా ముఖం అలా వెలగలేదు. అద్దం ఎక్కించేశాను. మళ్ళీ కడుపు మండింది, ఈసారి మామూలుగా కాదు.